మోటారు ఆపే పని లాప్‌టాప్‌కి అప్పజెప్పకు

రాజమండ్రి

ఒరేయ్ అల్లుడూ,

అమ్మమ్మ ఇంట్లో మోటారుని బెంగుళూరులో కూర్చుని లాప్‌టాప్ టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) నుంచి వేస్తానని రాశావు. సంతోషం. యాప్ తెరిచి, అది తిరిగి తిరిగి లోడయ్యేదాకా చూసే బదులు ఒక్క లైను కొట్టి ఎంటర్ నొక్కడంలో ఉన్న హాయి నీకూ తెలిసిందన్నమాట. కానీ లైటు సంగతి వేరు, మోటారు సంగతి వేరు. లైటు మర్చిపోతే బిల్లు కాస్త పెరుగుతుంది. మోటారు మర్చిపోతే ట్యాంకు పొంగి పక్కింటివాళ్ళతో గొడవ. సంపు ఎండిపోతే వైండింగే కాలిపోతుంది.

ముందు వైరింగు. నువ్వు కొన్న 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గుకి మోటారు నేరుగా తగిలించకు. ఒక హార్స్ పవరంటే 746 వాట్లే కదా అంటావు. స్టార్టయ్యేటప్పుడు అది లాగే కరెంటు మామూలు మీద చాలా రెట్లు ఉంటుంది. కొన్నాళ్ళకి ప్లగ్గు లోపలి రిలే (కరెంటు కలిపి విడదీసే చిన్న స్విచ్చు) అతుక్కుపోతుంది, ఇక నువ్వు ఎన్నిసార్లు ఆఫ్ అన్నా వినదు. మధ్యలో కాంటాక్టర్, అంటే పెద్ద లోడు మోసే రిలే, పెట్టించు. ప్లగ్గు దాని కాయిల్‌కి కరెంటిస్తే చాలు, మోటారు బరువు కాంటాక్టర్ మోస్తుంది. ఇది ఎలక్ట్రీషియన్ పని, నువ్వు చెయ్యి పెట్టకు. పాత స్విచ్చు మాత్రం తీసెయ్యనివ్వకు. మోటారు ఆపడానికి అమ్మమ్మ నీకు ఫోన్ చెయ్యాల్సిన గతి పట్టకూడదు.

ఇప్పుడు నా ఘనకార్యం చెబుతాను, అత్తయ్య ఎలాగూ చెబుతుంది కాబట్టి. మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద మస్కిటో బ్రోకర్ పెట్టాను, అంటే నా ఆజ్ఞల్ని ప్లగ్గుకి చేరవేసే ప్రోగ్రాం. (పేరు దోమే, కాకపోతే స్పెల్లింగులో టీ రెండుసార్లు. గోదావరి ఒడ్డున దోమలకేం కరువని ఇది కూడా తెచ్చావు అంటుంది అత్తయ్య.) ప్లగ్గుని లోపల్నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ టాస్మోటా. కరెంటు పోయి వచ్చాక మోటారు దానంతటది తిరగకూడదని పవర్‌ఆన్‌స్టేట్ 0 పెట్టి ధీమాగా పడుకున్నాను. రాత్రి రెండింటికి కరెంటు పోయింది, వచ్చింది, మోటారు తిరిగింది. మేడ మీంచి నీళ్ళు దబదబా పడుతుంటే అత్తయ్య దొంగలనుకుని లేచింది. నేను టార్చి పట్టుకుని లుంగీ ఎగ్గట్టి పరిగెత్తాను.

తెల్లారి లాగులు చూస్తే తప్పు నాదే. సాయంత్రం సందేశం పంపే పబ్ కమాండ్‌లో మైనస్ ఆర్ తగిలించి ఆన్ పంపాను. మైనస్ ఆర్ అంటే రిటైన్, ఆ మాటని బ్రోకర్ దాచిపెట్టుకుంటుంది. పై, రౌటరు రెండూ ఇన్వర్టర్ మీద ఉన్నాయి కాబట్టి అవి బతికే ఉన్నాయి. ప్లగ్గు ఆఫ్‌లోనే లేచింది పాపం, కానీ బ్రోకర్‌కి కనెక్ట్ అవగానే దాచిన ఆన్ దాని చేతిలో పడింది. మోటారుకి పంపే ఆజ్ఞకి రిటైన్ ఎప్పుడూ పెట్టకు. ఇప్పటికే పెట్టుంటే, అదే టాపిక్‌కి (సందేశం వెళ్ళే చిరునామాకి) మైనస్ ఆర్, మైనస్ ఎన్ కలిపి ఖాళీ సందేశం పంపు, దాచింది చెరిగిపోతుంది.

అసలు ముఖ్యం ఇది. ఆపే పని నీ లాప్‌టాప్‌కీ వద్దు, క్రాన్‌కీ (చెప్పిన వేళకి కమాండ్లు నడిపేది) వద్దు, ప్లగ్గుకే అప్పజెప్పు. నువ్వు ఆన్ కొట్టాక నెట్ పోతే? పై హ్యాంగయితే? అందుకని పల్స్‌టైమ్ 1000 అని ఒక్కసారి పంపి పెట్టు. ఇక ఎవరు వేసినా పావుగంటకి ప్లగ్గే ఆపేస్తుంది. అంకె చూసి కంగారు పడకు, 111 దాటితే అందులోంచి 100 తీసెయ్యాలి, మిగిలేవి సెకన్లు, అంటే 900. 111 లోపు అంకెలైతే సెకనులో పదో వంతు లెక్క. పదిహేను నిమిషాలనుకుని 15 పంపావో, మోటారు ఒకటిన్నర సెకనుకే ఆగిపోతుంది. అమ్మమ్మ ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండుతుందో గడియారం పెట్టుకుని చూసి అంకె మార్చుకో.

టాగిల్ (ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసే ఆజ్ఞ) వాడకు. నెట్ నత్తనడక నడిచినప్పుడు పోలేదేమో అని నువ్వు రెండోసారి కొడతావు, వేసింది ఆగిపోతుంది. ఆన్ అయితే పదిసార్లు కొట్టినా ఆనే. కొట్టాక పవర్ అని ఖాళీగా పంపి ఎలా ఉందో అడుగు. అయినా అది చెప్పేది రిలే సంగతే, నీళ్ళెక్కుతున్నాయో లేదో దానికేం తెలుసు? మీటరున్న ప్లగ్గు కొన్నా లాభం లేదు, మధ్యలో కాంటాక్టర్ ఉంది కాబట్టి కాయిల్ వాట్లే చూపిస్తుంది. కాబట్టి మొదటి నెల్లాళ్ళూ అమ్మమ్మకి ఫోన్ చేసి పైపులో చప్పుడు వస్తోందా అని అడుగు. ఆ వంకనైనా రోజూ మాట్లాడతావు.

చిన్నవి కొన్ని. కర్ల్‌తో (వెబ్ అడ్రసుకి ఆజ్ఞ పంపే కమాండ్) పంపేటప్పుడు అడ్రసు మొత్తం కోట్స్‌లో పెట్టు. పాస్‌వర్డు ముందు వచ్చే యాంపర్‌శాండ్ (&) చూసి షెల్ (టెర్మినల్లో కమాండ్లు చదివే ప్రోగ్రాం) అక్కడికి కమాండ్ అయిపోయిందనుకుంటుంది, దాంతో ఒక సాయంత్రం నాకు దండగైంది. మస్కిటో 2.0 నుంచి, సెట్టింగుల్లో లిజనర్ లైను రాయకపోతే, అది నడిచే మెషీన్‌ని తప్ప ఇంకెవర్నీ రానివ్వదు. ప్లగ్గు కలవడం లేదంటే ముందు అదే చూడు. రౌటర్లో ప్లగ్గుకి ఒకే ఐపీ కట్టెయ్యి. ఇక బెంగుళూరు నుంచి కావాలని బ్రోకర్ వాడే 1883 పోర్టు బయటికి తెరిచేవు, వీపు చీరేస్తాను. వైర్‌గార్డ్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) పెట్టుకుని ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి ఆ మెషీన్ టెర్మినల్ తెరిచే పద్ధతి) రా.

కాంటాక్టర్ నేను ఇక్కడ తీసుకుంటాను. వచ్చే ముందు మోటారు మీద రేకు ముక్కకి ఫోటో తీసి పంపమని అమ్మతో చెప్పు, అంకెలు కనపడేలా.

మీ మామయ్య