ఓడ కొనేముందు బల్ల కొలవండి

తీరిక వేళ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నమస్కారం. మేము నలుగురం స్నేహితులం, మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాం. ఆదివారాలు గదిలో బల్ల మీద సముద్రపు దొంగల యుద్ధం ఆడుతుంటాం. తెలిసిన అన్న ఒకరు తన పాత 28 మిల్లీమీటర్ల బొమ్మలు ఇచ్చారు. ఓడలు మాత్రం లేవు. అట్ట మీద ఓడ ఆకారం గీసి దాని మీదే మనుషులను నిలబెడుతున్నాం. ఆన్‌లైన్‌లో ఒక్క ఓడ ధర మా నలుగురి మెస్ బిల్లుకు దగ్గరగా ఉంది. క్లాక్ టవర్ వైపు ఒక గిఫ్టు దుకాణంలో మూడు స్తంభాల చెక్క ఓడ చూశాం. పన్నెండు వందలు చెబుతున్నాడు, అడిగితే తగ్గిస్తాడేమో. తీసుకోవచ్చా?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: వద్దు బిడ్డా. సగం ధరకు ఇచ్చినా వద్దు.

ఓడ బాగానే ఉండి ఉంటుంది. కానీ అది టీవీ పక్కన పెట్టుకోవడానికి చేసిన వస్తువు, దాని మీద మీ మనుషులు నిలబడలేరు. అనుమానం ఉంటే ఒక బొమ్మను జేబులో వేసుకుని వెళ్ళి ఆ ఓడ డెక్కు (మనుషులు నడిచే పై తలం) మీద నిలబెట్టి చూడు. స్తంభాలకు తాళ్ళు, మధ్యలో పీపాలు, చిన్న పడవలు అన్నీ అతికించేసి ఉంటాయి. బొమ్మ కాళ్ళ కింద ఉండే 25 మిల్లీమీటర్ల బిళ్ళకు చోటెక్కడ? తర్వాత తలుపు చూడు. నీ మనిషి మోకాలి ఎత్తుకే తలుపు ఉంటే ఆ ఓడ నీ ఆటకు పనికిరాదు. తలుపు మనిషికంటే కాస్త ఎత్తు ఉండాలి, డెక్కు చుట్టూ ఉండే గోడ నడుము దాకా రావాలి, డెక్కు అడ్డంగా కనీసం మూడు బిళ్ళలు పట్టాలి. ఎక్కడ ఏ బొమ్మ ఓడ కనిపించినా ముందు ఈ మూడూ చూసి, ఆ తర్వాతే ధర అడుగు.

నీటిపారుదల శాఖలో నక్షలు గీసి రిటైరైన వాణ్ణి, కాబట్టి లెక్క చెప్పకుండా వదలను. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే సాధారణంగా పాదం నుంచి కంటి దాకా ఉన్న ఎత్తు. మామూలు మనిషికి అది దాదాపు 1.6 మీటర్లు. భాగిస్తే 57 వస్తుంది. కనుక మీ ఓడ అసలు ఓడలో 56వ వంతో 60వ వంతో ఉండాలి. ఈ లెక్కన ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్ ఎక్కిన 'విక్టరీ'ని చేయబోతే, ఫిరంగుల డెక్కే 186 అడుగుల పొడవు గనుక బొమ్మ ఒక మీటరు దాటుతుంది. విద్యార్థుల గదిలో ఉండే బల్ల మీద ఆ ఒక్క ఓడే పడుతుంది. ఇక సముద్రాన్ని మంచం మీద పరుచుకోవాలి.

అదృష్టం ఏమిటంటే, దొంగలకు అంత ఓడ అక్కర్లేదు. వాళ్ళకు వేగం కావాలి, లోతు తక్కువ ఉన్న చోటికి దూరి తప్పించుకోవడం కావాలి. అందుకే స్లూపు అనే ఒంటి స్తంభపు చిన్న ఓడ వాళ్ళకు ఇష్టం. అరవై అడుగుల స్లూపును 56వ వంతు చేస్తే 33 సెంటీమీటర్ల పొడవు, పదీ పదకొండు సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. అంటే స్కేలు బద్ద కంటే కాస్త ఎక్కువ. మీ నలుగురికీ నాలుగు చేసినా బల్ల మీద తిరగడానికి చోటు మిగులుతుంది.

పేరుమోసిన సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్‌కు పెద్ద ఓడ ఉండేది కదా అని నువ్వు అడుగుతావు. ఉండేది. 1717 నవంబరులో 'లా కాంకార్డ్' అనే ఫ్రెంచి బానిసల ఓడను పట్టుకుని, 'క్వీన్ ఆన్స్ రివెంజ్' అని పేరు మార్చి, నలభై దాకా ఫిరంగులు ఎక్కించాడు. ఏడాది కూడా దక్కలేదు. 1718లో అమెరికాలోని ఉత్తర కరోలినా తీరాన ఇసుక మేటకు తగిలి ఆగిపోయింది. ఆ ఏడాది నవంబరు 22న అదే తీరంలోని ఓక్రకోక్ దీవి దగ్గర అతను చనిపోయేటప్పుడు నడుపుతున్నది 'అడ్వెంచర్' అనే స్లూపు. అతని మీదికి బ్రిటిష్ నౌకాదళ అధికారి లెఫ్టినెంట్ మేనార్డ్ తెచ్చినవీ రెండు స్లూపులే, వాటిలో ఒక్క ఫిరంగి కూడా లేదు. లోతు లేని నీళ్ళలో ఓడలు ఇసుకలో కూరుకుపోతుంటే, మేనార్డ్ ఓడ అడుగున ఉన్న బరువును తీసి సముద్రంలో పారేయించాడు. అవతలి ఫిరంగి దెబ్బలకు మనుషులు పడిపోతుంటే మిగిలినవాళ్ళను డెక్కు కింద దాచాడు. ఓడ ఖాళీ అయిందనుకుని బ్లాక్‌బియర్డ్ దాని మీదికి దూకాడు. ఆటకు ఇంతకు మించిన కథ నాకు కనిపించలేదు. ఇందులో కావలసినవి మూడు స్లూపులు. ఫిరంగులు ఒక్క ఓడకే, అవీ పదిలోపే. పేదవాళ్ళ కోసమే జరిగినట్టున్న యుద్ధం!

ఇక వాటిని ఎలా చేయాలి? ముందు మీ దగ్గర ఫ్లెక్సీలు వేసే దుకాణానికి వెళ్ళు. పుట్టినరోజు కటౌట్లు కోసిన తర్వాత మిగిలే సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ పలక) ముక్కలు మూలన పడి ఉంటాయి. మూడు మిల్లీమీటర్లవీ ఐదు మిల్లీమీటర్లవీ ఏరుకో. థర్మోకోల్ కూడా పనికొస్తుంది కానీ గింజలు గింజలుగా రాలుతుంది, పైగా ఫెవిక్విక్ పడినా స్ప్రే పెయింటు పడినా కరిగిపోతుంది. దానికి ఫెవికాలే వాడాలి. సన్‌బోర్డుకు ఫెవిక్విక్‌తో ఇబ్బంది లేదు.

నీటి కింద ఉండే భాగం అసలు చేయకు. బల్లే సముద్రం కదా, ఓడ నీటిమట్టం దగ్గరే మొదలవ్వాలి. ఐదు మిల్లీమీటర్ల బోర్డులో ఓడ ఆకారం కోసి, అలాంటివి ఒకదాని మీద ఒకటి అతికిస్తూ మూడు సెంటీమీటర్ల ఎత్తు తీసుకురా. డెక్కు మీద పలకల గీతలకు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా గీస్తే చాలు, రంగు వేశాక చెక్క పలకల్లాగే కనిపిస్తాయి. చుట్టూ గోడకు పాత పెళ్ళి పత్రికల అట్ట బాగుంటుంది. వంచితే వంగుతుంది, గట్టిగానూ ఉంటుంది, ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. అడుగున ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే వాషర్లు రెండు మూడు అతికించు, చేయి తగిలినప్పుడు ఓడ పడిపోదు.

స్తంభాన్ని అతికించవద్దు. పాత పెన్ను గొట్టాన్ని రెండు సెంటీమీటర్లు కోసి డెక్కులో దించి, వెదురు పుల్లను అందులో గుచ్చు. ఓడల మీద కొట్లాట మొదలైనప్పుడు స్తంభం తీసి పక్కన పెట్టుకోవచ్చు. చొక్కా చేతులకు తగలకుండా నేను దాని ఎత్తు లెక్కకంటే మూడో వంతు తగ్గిస్తాను. కొలతల మనిషినే, అయినా ఆట ముఖ్యం. తెరచాపకు పాత నూలు పంచె ముక్కను టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టు. తర్వాత నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి సీసా మీద పరిస్తే, ఆరేసరికి గాలి నిండిన పొంగు నిలిచిపోతుంది. ఫిరంగులకు లావు రిఫిల్లును మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి నల్లరంగు వెయ్యి. చుక్కాని తిప్పే చక్రం కోసం మాత్రం వెతకకు. ఆ చక్రాలు పద్ధెనిమిదో శతాబ్దం మొదట్లో వచ్చినవి, అదీ పెద్ద ఓడలకు. స్లూపుకు వెనుక ఒక కర్ర పిడి చాలు, అది అగరుబత్తి పుల్ల.

కొనితీరాలనిపిస్తే రెండు మాటలు. రెవెల్, జ్వెజ్డా వంటి కంపెనీలు 72వ వంతు కొలతలో ఓడల కిట్లు అమ్ముతాయి. చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఆ కొలతలో మనిషి కంటి దాకా 22 మిల్లీమీటర్లే కాబట్టి మీ వాళ్ళు అందులో ఇరుకు పడతారు. విదేశాల నుంచి తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిసి కిట్ ధరను మించినా ఆశ్చర్యం లేదు. దానికంటే చిన్నపిల్లల ప్లాస్టిక్ దొంగల ఓడ నయం. డెక్కు వెడల్పు, తాళ్ళు తక్కువ, కింద పడినా విరగదు. రంగులు కళ్ళు చెదిరేలా ఉంటాయి గానీ గోధుమరంగు పూస్తే ఎవరూ గుర్తుపట్టరు. ఎప్పుడైనా గురువారం హైదరాబాద్‌లో పని పడితే జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్లు తిరగెయ్యి. జేబులో బొమ్మ మరిచిపోకు.

ప్రశ్న: అన్నగారూ, మా అబ్బాయి పదో తరగతి. ఓడల యుద్ధం ఆట పిచ్చి పట్టుకుంది. హైదరాబాద్‌లో మా చెల్లెలి కొడుకు దగ్గర త్రీడీ ప్రింటర్ ఉందట, ఓడ అచ్చువేసి ఇస్తానంటున్నాడు. చౌకలో అయిపోతుందా?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అవుతుందమ్మా, ప్రింటర్ సొంతవాళ్ళది గనుక. బయట వేయిస్తే గంటల లెక్కనో బరువు లెక్కనో తీసుకుంటారు, ఓడ పెద్ద వస్తువు. ఒక్కటే ముక్కగా రాదు, రెండు మూడు ముక్కలుగా వేసి అతికించాలి. లోపల బోలుగా వేయమనండి, ప్లాస్టిక్ బాగా మిగులుతుంది. మామూలు ప్రింటర్‌లో పొరలు పొరలుగా గీతలు పడతాయని కొందరు వంకలు పెడతారు. ఓడకు ఆ గీతలే పలకల్లా కలిసొస్తాయి, సానపట్టే పని పెట్టుకోవద్దు.

ఒక్క జాగ్రత్త. ఎక్కువమంది వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన నల్గొండ వైపు మే నెల ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో ఆ వేడి తేలిగ్గా వస్తుంది. హైదరాబాద్ నుంచి తెచ్చేటప్పుడు ఓడను డ్యాష్‌బోర్డు మీద పెట్టి భోజనానికి దిగితే, తిరిగొచ్చేసరికి స్తంభాలు వంగి ఉంటాయి.

ప్రశ్న: ఈ ఆటల్లో ఎప్పుడూ కరీబియన్ గొడవే ఎందుకు? మన సముద్రాల్లో దొంగలు లేరా? నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. పిల్లలతో ఆడిద్దామని ఉంది. ఖర్చు నా జేబులోంచే.
– ఒక ఉపాధ్యాయుడు, కొల్లాపూర్

జవాబు: లేకేం సార్! 1695 సెప్టెంబరులో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు దొంగ 'ఫాన్సీ' అనే ఓడతో వచ్చి ఔరంగజేబు ఓడ 'గంజ్-ఇ-సవాయి'ని పట్టుకున్నాడు. మక్కా యాత్రికులతో అది సూరత్‌కు తిరిగి వస్తోంది. మొగలు ఓడలో ఒక ఫిరంగి పేలిపోయి సొంతవాళ్ళే చనిపోయారు, దొంగల గుండు దెబ్బకు ప్రధాన స్తంభం కూలింది. తర్వాత ప్రయాణికుల మీద జరిగిన అఘాయిత్యాలు పిల్లల ఆటలో చోటివ్వదగినవి కావు. ఓడ చేతులు మారగానే ఆట ఆపేయండి. సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ మనుషులను మొగలు అధికారులు నిర్బంధించిన సంగతి మాత్రం పాఠంగా చెప్పండి, అది మీ పుస్తకానికి నేరుగా కలుస్తుంది.

అంత పెద్ద ఓడ చేయాలా అని బెంగ వద్దు. బల్ల అంచున దాని నడిమి డెక్కు ముక్క ఒక్కటే చేయండి. మిగతా ఓడ బల్ల అవతల ఉన్నట్టే లెక్క. కొట్లాట జరిగేది ఆ కాస్త చోటులోనే.

కన్హోజీ ఆంగ్రేను ఇంగ్లీషువాళ్ళు దొంగ అన్నారు. నేను అనను. 1729లో చనిపోయేదాకా ఆయన మరాఠాల నౌకాధిపతి. ఆయన బలగంలో గురాబులు పెద్ద ఓడలు, గల్బతులు చిన్నవి. గల్బతులకు తెడ్లుంటాయి, గాలి లేనప్పుడు గురాబులను తాళ్ళు కట్టి లాక్కెళ్ళేవి. నలభై మంది పిల్లలకు ఈ యుద్ధమే సరిపోతుంది, కానీ పెద్ద బొమ్మలు వద్దు. 1200వ వంతు కొలత తీసుకోండి. ఆ లెక్కలో వంద అడుగుల ఓడ రెండున్నర సెంటీమీటర్లే. చింతగింజను సగానికి చీల్చి, చదును వైపు కింద పెట్టి, మైనం చుక్కతో కాగితపు తెరచాప నిలబెడితే గల్బతు సిద్ధం. అడ్డ తెరచాపల ఇంగ్లీషు ఓడలు గాలి వచ్చే దిక్కుకు దాదాపు 65 డిగ్రీల కంటే దగ్గరగా పోలేవు, తెడ్ల గల్బతు ఎటైనా పోతుంది. ఈ ఒక్క నియమం పెట్టినా ఆట రక్తి కడుతుంది. సోమశిల దగ్గర కృష్ణలో పుట్టి ఎక్కిన పిల్లలు మీ తరగతిలో ఉంటే, తెడ్డు సంగతి వాళ్ళే మీకు చెబుతారు.

ప్రశ్న: తాతా, నేను ఎనిమిదో తరగతి. కాగితంతో ఓడలు చేశాను. జిరాక్స్ దుకాణంలో దళసరి కాగితం మీద అచ్చువేయించి మైదా జిగురుతో అతికించాను. బొద్దింకలు కొరికేస్తున్నాయి. ఏం చేయాలి?
– మిర్యాలగూడ

జవాబు: మైదా వాటికి భోజనం కదరా! ఇకమీదట ఫెవికాల్ వాడు. చేసిన ఓడలను పారేయకు, వాటికి లోపలా బయటా వార్నిష్ పలచగా ఒక పూత పూసి నీడలో ఆరబెట్టు. వార్నిష్ పూసేటప్పుడు కిటికీ తీసి ఉంచు, అమ్మనో నాన్ననో పక్కన ఉండమను. ఆరిన తర్వాత మూత గట్టిగా పట్టే మిఠాయి డబ్బాలో పెట్టు. డబ్బా ముందు కడుగు, పాకం వాసన ఉంటే చీమలొస్తాయి.