వెయ్యి పౌండ్ల ఆటగాడికి దక్కిందెంత?

ప్రశ్న: మా అబ్బాయి అనంతపురం క్రీడాగ్రామంలో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. వెయ్యి పౌండ్ల ధర పలికిన తొలి ఆటగాడు ఇంగ్లండుకు చెందిన ఆల్ఫ్ కామన్ అని ఒక క్విజ్‌లో చెప్పారట. ఆ సొమ్ము ఆయన చేతికే వచ్చిందా? తర్వాత ఆయన ఏమయ్యారు?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రాలేదు. ఆ సొమ్ము ఆయనను వదులుకున్న సండర్లాండ్ క్లబ్బుకు చేరింది. మన వైపు సంతలో ఎద్దు ఎంత ధర పలికినా రొక్కం రైతు మూటలోకే వెళ్తుంది గదా! ఆటగాళ్లను ఇలా కొనడమేమిటని అక్కడి పత్రికలూ ఆ రోజుల్లో గట్టిగానే ఆక్షేపించాయి.

కామన్ 1880లో సండర్లాండ్‌లో పుట్టారు. అక్కడే ఆట మొదలుపెట్టి, 1901లో షెఫీల్డ్ యునైటెడ్‌కు వెళ్లి, మరుసటి ఏడాది ఇంగ్లండు క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో గోలు చేశారు. 1904లో సొంత ఊరి క్లబ్బు ఆయనను 520 పౌండ్లకు తిరిగి తెచ్చుకుంది. కొన్ని నెలలకే, 1905 ఫిబ్రవరిలో, ఇంగ్లండు లీగ్‌లో పై అంచె అయిన మొదటి డివిజన్ నుంచి జారిపోయే ప్రమాదంలో ఉన్న మిడిల్స్‌బ్రో వెయ్యి పౌండ్లు పోసి ఆయనను కొన్నది. పౌండుకు 15 రూపాయలు చెల్లిన కాలమది కనుక, మన లెక్కలో అది 15,000 రూపాయలు. దాదాపు రెండేళ్లుగా పరాయి మైదానంలో గెలుపు ఎరుగని మిడిల్స్‌బ్రో, కామన్ తొలి ఆటలోనే, అదీ ఆయన పాత క్లబ్బు షెఫీల్డ్ యునైటెడ్ మీద, ఆయన కొట్టిన పెనాల్టీతో 1-0 తేడాతో నెగ్గింది. ఆ ఏడు డివిజన్‌లో నిలిచింది కూడా. కొన్నవారికి పెట్టుబడి గిట్టిందనే చెప్పాలి.

ఇక ఆటగాడి సంగతి. 1901 నుంచి అమలైన నిబంధన ప్రకారం ఎంతటి ఆటగాడికైనా వారానికి 4 పౌండ్లకు, అంటే 60 రూపాయలకు, మించి జీతం ఇవ్వకూడదు; సంతకం చేసినందుకు ఇచ్చే బహుమానం 10 పౌండ్లు దాటకూడదు. నైపుణ్యం గల కార్మికుడి కూలి కంటే అది మెరుగే, కాదనను. అయితే ఒప్పందం గడువు తీరినా పాత క్లబ్బు ఒప్పుకోనిదే లీగ్‌లో మరో క్లబ్బుకు ఆడే వీలు లేకపోవడమే అసలు సంకెల. చాటుమాటు చెల్లింపులు లేకపోలేదు. వాటి కారణంగానే 1906లో మాంచెస్టర్ సిటీ ఆటగాళ్లు 17 మంది సస్పెండయ్యారు. ఆటగాళ్లు 1907లో మాంచెస్టర్‌లో సంఘం పెట్టుకున్నది జీతంపై పరిమితి, క్లబ్బు మారడంపై ఆంక్ష అనే ఈ రెండు కట్టుబాట్ల మీద పోరాడడానికే.

కామన్ ఇంగ్లండ్ జట్టుకు మూడు ఆటలు ఆడారు. 1910లో వూలిచ్ ఆర్సెనల్‌కు, 1912లో ప్రెస్టన్‌కు మారి, 1914లో ఆట మానుకున్నారు. ఆ తర్వాత డార్లింగ్టన్‌లో ఒక పబ్బు నడిపి, 1946లో కన్నుమూశారు. జీతాలపై పరిమితి మాత్రం 1961 దాకా కొనసాగింది.