కడప షాపు కంప్యూటరును అనంతపురం నుంచి తెరవాలంటే

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కడప ఏడురోడ్ల దగ్గరి షాపులో ఉన్న ట్యాలీని (లెక్కల సాఫ్ట్‌వేరు) అనంతపురంలో ఇంట్లోంచే చూసుకోవాలన్నావు. రౌటర్లో రిమోట్ డెస్క్‌టాపు (దూరంనుంచి ఆ కంప్యూటరు స్క్రీనునే తెరిచి వాడడం) వాడే 3389 పోర్టు, అంటే తలుపు, బయటికి తెరిస్తే చాలని ఎవరైనా చెబితే వినొద్దు. రోజంతా దొంగలు తలుపు తడుతూనే ఉంటారు. వైర్‌గార్డ్ పెట్టుకో, అది ఇంటర్నెట్ మీదుగా నీ కంప్యూటర్ల మధ్య తాళం వేసిన సొంత దారి (టన్నెల్) వేసే సాఫ్ట్‌వేరు.

ముందు షాపు రౌటర్లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రసు) చూడు. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే నీ ఐపీని ఇంకెంతోమంది పంచుకుంటున్నట్టే, పోర్టు ఫార్వర్డింగు (బయటినుంచి వచ్చినదాన్ని లోపలి కంప్యూటరుకు పంపడం) దండగ. అప్పుడు పబ్లిక్ ఐపీ (బయటినుంచి నేరుగా చేరగల అడ్రసు) ఉన్న చిన్న క్లౌడ్ సర్వరు అద్దెకు తీసుకో. వైర్‌గార్డ్‌లో దానికి 10.57.0.1, షాపుకు 10.57.0.2, నీ ల్యాప్‌టాప్‌కు 10.57.0.3 ఇవ్వు. రెండుచోట్లా రౌటరు 192.168.1.1 అయినా గొడవ రాదు.

సర్వర్లో వైర్‌గార్డ్ కోసం యూడీపీ 51820 పోర్టు తెరువు, ఐపీ ఫార్వర్డింగు (ఒకరినుంచి వచ్చినది ఇంకొకరికి అందించడం) ఆన్ చెయ్. ఈ రెండోది మరవనివాళ్లు తక్కువ. అలౌడ్ ఐపీస్‌లో (ఏయే అడ్రసులు ఈ దారిన పోవాలో చెప్పే లైను) సర్వరు వైపు ఒక్కొక్కరికి వాళ్ల అడ్రసే /32తో (అంటే ఆ ఒక్కటే), మిగతా ఇద్దరి వైపు 10.57.0.0/24 (10.57.0తో మొదలయ్యేవన్నీ). 0.0.0.0/0 (అన్ని అడ్రసులూ) పెట్టావంటే నీ యూట్యూబ్ కూడా ఆ సర్వరు చుట్టూ తిరిగొస్తుంది. షాపు వైపు కీపలైవ్ (దారి మూసుకోకుండా పంపే చిన్న సందేశం) 25 సెకన్లు తప్పనిసరి, లేకుంటే కాసేపటికి రౌటరు దారి మూసేస్తుంది. ఒకే కీని (వైర్‌గార్డ్ గుర్తుపట్టే తాళంచెవి) ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ వాడొద్దు. సర్వరు ఎవరు చివర మాట్లాడితే వాళ్లకే జవాబిస్తుంది, రెండూ తెగిపోతుంటాయి.

అసలు తిప్పలు ఎంటీయూ (ఒక్కసారికి పంపగల ప్యాకెట్టు గరిష్ఠ సైజు) దగ్గర. ఇది కవర్లో కవరు పెట్టి పోస్టు చేయడంలాంటిది, లోపలిది చిన్నగా ఉండాలి. పై కవరుకు ఐపీవీ4లో 60 బైట్లు, ఐపీవీ6లో 80 పోతాయి. అందుకే మామూలు 1500లోంచి 80 పోయి 1420 ఉంటుంది. ఫోను హాట్‌స్పాట్ మీద అది పట్టకపోవచ్చు. గుర్తు ఏమిటంటే, పింగ్ (చేరుతుందా అని చూసే చిన్న సందేశం) బాగానే పోతుంది, కనెక్టయినట్టే ఉంటుంది, స్క్రీను మాత్రం నల్లగా ఆగిపోతుంది. టన్నెల్ ఆపి సర్వరు పబ్లిక్ ఐపీకి విండోస్‌లో ping -f -l 1464 కొట్టు. పోకపోతే అంకె తగ్గిస్తూ పో. పోయిన అతిపెద్ద అంకెకు పింగ్ హెడర్ల 28 బైట్లు కలిపి, 80 తీసెయ్, అదే ఎంటీయూ. అంత ఓపిక లేకుంటే రెండు వైపులా 1280 పెట్టు.

ట్యాలీ డేటా ఫోల్డరును ఈ దారిలో షేర్ చేసి తెరవొద్దు, మధ్యలో లైను పోతే డేటా చెడుతుంది. రిమోట్ డెస్క్‌టాపే మేలు. దానికి షాపులో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ పనికిరాదు.

కరెంటు పోయి వచ్చాక షాపు కనెక్టు కాకపోతే ముందు తేదీ చూడు. మదర్‌బోర్డు సెల్లు అయిపోతే గడియారం వెనక్కి పోతుంది. పాత తేదీతో వచ్చిన హ్యాండ్‌షేక్‌ను (కనెక్షన్ మొదలుపెట్టే పలకరింపు) సర్వరు మాట్లాడకుండా పారేస్తుంది, ఎర్రర్ కూడా చూపదు. 2032 నంబరు బటన్ సెల్లు మార్పించు.

ఇట్లు,
మీ మామ, కర్నూలు