చిల్లుకు రేకే మాటు

ప్రశ్న: మా నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మినీ కారును బాగు చేయిస్తున్నాను. ముందు మడ్‌గార్డు మీద రేడియో ఏరియల్ తీసేసిన చిల్లు ఉంది. ఎడమవైపు పాత అద్దం బిగించిన రెండు స్క్రూ బెజ్జాలు, డిక్కీ మూత మీద ఊడిపోయిన పేరు పలక తాలూకు మూడు చిన్న బెజ్జాలు ఉన్నాయి. తలుపుల అడుగు అంచున కూడా కొన్ని కనిపిస్తున్నాయి. ఫైబర్ మ్యాట్ అంటించి పుట్టీ పెడితే ఒక్క రోజులో అన్నీ పూడిపోతాయని టింకర్ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దయచేసి ఒప్పుకోకండి. ముందుగా తలుపుల సంగతి చెబుతాను, తొందర అక్కడే ఉంది. తలుపు అడుగున ఉన్న బెజ్జాలు ఎవరో పొరపాటున చేసినవి కావు, కార్ఖానాలో పెట్టినవే. కిటికీ అద్దం పక్కనుంచి తలుపులోకి దిగే వాన నీరు బయటికి పోయే దారి అదే. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో, గురువుగారు ఊళ్లో లేని పూట, ఒక అంబాసిడర్ తలుపులకు ఆ బెజ్జాలన్నీ నేను శ్రద్ధగా పూడ్చేశాను. రెండు వానాకాలాలు గడిచాక ఆ కారు మళ్లీ మా షెడ్డుకు వచ్చింది. నాలుగు తలుపుల అడుగు రేకూ లోపలినుంచి తిని, వేలితో నొక్కితే పొడిగా రాలింది. ఆ యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి ఏ చిల్లు కనిపించినా, ఇది ఎవరు చేసింది, ఎందుకు చేసింది అని అడగనిదే చేయి వేయను. మీ తలుపుల బెజ్జాల్లో మట్టి పేరుకుని ఉంటే సన్నని తీగతో పొడిచి తీయండి, అంతే. పక్కల మెరుపు పట్టీల క్లిప్పులు దిగే బెజ్జాలు కూడా అసలువే. పట్టీలు ఇప్పుడు లేకపోయినా పాత సామాను అంగళ్లలో దొరికితే మళ్లీ బిగించుకోవచ్చు, కాబట్టి వాటినీ ఉంచండి.

ఇక నిజంగా అక్కర్లేనివి. మడ్‌గార్డు చిల్లును పుట్టీతో పూడిస్తే పైన రంగు వేస్తారు, వెనక ఎవరూ వేయరు. చక్రం విసిరే బురద నీళ్లు వెనకనుంచి ఆ పుట్టీకి తగులుతూనే ఉంటాయి. పుట్టీ చెమ్మ పీల్చుకుంటుంది, అంచున రేకు తుప్పు పడుతుంది, చివరికి సరిగ్గా ఆ చిల్లు ఆకారంలోనే రంగు పొక్కుతుంది. కింద ఫైబర్ మ్యాట్ పరిచినా జరిగేది ఇదే, కాకపోతే కాస్త ఆలస్యంగా. రేకులో చిల్లు పడితే రేకుతోనే మాటు వేయాలి.

ఏరియల్ చిల్లుకు ఇలా చేయించండి. చక్రం తీయించి, ముందూ వెనకా అంగుళం మేర రంగంతా గీకించి, రేకు తెల్లగా బయటపడేలా చేయండి. అంచును మేకు మొనతో పొడిచి చూడండి. గుల్లగా ఉన్న రేకును మొహమాటపడకుండా కోయించేయండి. చిల్లు పెద్దదైనా ఫరవాలేదు, గట్టి అంచు దొరకడం ముఖ్యం. అదే మందం ఉన్న రేకులోంచి బిళ్ల కోసి, మడ్‌గార్డు ఒంపుకు తగ్గట్టు వంచి, చుట్టూ సన్నని సందు మిగిలేలా అమర్చాలి. ఎదురెదురుగా నాలుగు వెల్డింగ్ చుక్కలు పెట్టి, చల్లారనిచ్చి, మళ్లీ వాటి మధ్య చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. ఒకే ఊపున చుట్టూ వెల్డింగ్ లాగేస్తే రేకు వేడికి మెలిక పడుతుంది. చల్లారేటప్పుడు వెల్డింగ్ ముడుచుకుని చుట్టూ రేకును లోపలికి లాగుతుంది. అందుకని, పైన గ్రైండ్ చేశాక వెనక డాలీ, అంటే నున్నని ఇనుప దిమ్మ, ఆనించి వెల్డింగ్ మీదే సుత్తితో మెల్లగా తట్టాలి. ముడుచుకున్నది సాగి, ఒంపు తిరిగి వస్తుంది. ఈ తట్టడంలోనే పనివాడి చేయి తెలుస్తుంది. చాలామంది ఇక్కడే పని ఎగ్గొట్టి, ఆ గుంటను పుట్టీతో నింపేస్తారు. తర్వాత రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్ వేయించండి. దాని మీద పుట్టీ వేసినా రూపాయి బిళ్ల మందం దాటనివ్వకండి.

డిక్కీ మూతను కీళ్ల బోల్టులు విప్పి, కారునుంచి దూరంగా పెట్టి వెల్డింగ్ చేయించండి. పెట్రోలు ట్యాంకు వెనకవైపే ఉంటుంది. కారు మీద వెల్డింగ్ ఎక్కడ చేసినా ముందు బ్యాటరీ తీగలు విప్పాల్సిందే.

ఒక్క మాట. ఆ రేడియో ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతికారా? ఉంటే ఏరియల్ చిల్లు మూయించకండి. సరిపోయే ఏరియల్ దొరికేదాకా అందులో ఒక రబ్బరు బిరడా పెట్టండి. మీ నాన్నగారు పాటలు విన్న కారు అది.

ప్రశ్న: నా పాత ఫియట్‌కు 3 మిల్లీమీటర్ల బెజ్జాలు నేనే మూసుకుందామని ఇంట్లో ఉన్న ఆర్క్ వెల్డింగ్ యంత్రంతో ప్రయత్నించాను. బెజ్జం మూసుకోకపోగా పావలా బిళ్లంత అయింది. ఎక్కడ పొరపాటు? సీసం, తగరం కరిగించి పూడ్చమని మా పాత పనివాడు చెప్పాడు, అది మంచిదేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పొరపాటు మీ చేతిలో లేదు, యంత్రంలో ఉంది. ఆర్క్ రాడ్డు గేట్లకూ గ్రిల్సుకూ సరిపోతుంది. మిల్లీమీటరు కూడా లేని కారు రేకు ఆ వేడికి కరిగి జారిపోతుంది. సీఓటూ వెల్డింగ్ యంత్రం అద్దెకు తెచ్చుకుని, అందులో 0.6 మిల్లీమీటర్ల తీగ వేసుకోండి. ఏసీ పనివాళ్ల దగ్గర రాగి గొట్టం ముక్క అడిగి, సుత్తితో చదును చేసి, బెజ్జం వెనక గట్టిగా ఆనించండి. కరిగిన ఇనుము రాగికి అంటుకోదు. పైగా రాగి వేడిని లాగేసుకుంటుంది కాబట్టి అంచు కరిగి జారదు. బెజ్జం అంచున ఒక్క క్షణం మీట నొక్కి వదలండి. చేయి ఆనించగలిగేంత చల్లారాక మరో చుక్క పెట్టండి. కారు మీద చేసే ముందు ఏదైనా పాత తలుపు రేకు మీద ఇరవై బెజ్జాలు చేసి మూసి చూడండి. గ్రైండ్ చేసేటప్పుడు రేకు నీలంగా మారితే వెంటనే ఆపాలి.

మీ పాత పనివాడు చెప్పాడన్న సీసం, తగరం పద్ధతి కూడా మంచిదే. ఇత్తడి గిన్నెకు కళాయి వేసే పనికి అది దగ్గరి చుట్టం. ఆ మిశ్రమం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది కాబట్టి రేకు మెలిక పడదు. కాని దాన్ని ఆకురాయితోనే అరగదీయాలి, గ్రైండర్ పెట్టకూడదు. సీసం ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసం పట్టుకునేలా ముందు రేకుకు పూసే మందులో ఆమ్లం ఉంటుంది గనుక పని అయ్యాక వంట సోడా నీళ్లతో కడగాలి. లేకపోతే ఆ మరకే రంగు కింద తుప్పుకు మొదలవుతుంది.

ప్రశ్న: కొత్తగా రంగు వేసిన అంబాసిడర్ కొనబోతున్నాను. రంగు కింద పుట్టీతో మూసిన చిల్లులున్నాయని ఎలా కనిపెట్టాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: చిన్న అయస్కాంతాన్ని పలచని గుడ్డలో చుట్టి బాడీ అంతా తిప్పండి. పట్టు సడలిన చోటల్లా చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. తర్వాత డిక్కీలో పరిచిన అట్ట, కాళ్ల కింది మ్యాట్లు ఎత్తి, ఆ గుర్తుల వెనక టార్చి వేసి చూడండి. అమ్మేవారు అట్ట ఎత్తనివ్వకపోతే ఆ కారు కొనకండి.