మాట పుట్టిన ఊరు: మాధవాయిపాలెం రేవు నుంచి మడపొలాన్ దాకా

ప్రశ్న: మా అబ్బాయి స్పానిష్ నేర్చుకుంటున్నాడండీ. నిఘంటువులో 'మడపొలాన్' అనే బట్ట పేరు కనబడిందట, అది ఇండియాలో ఒక ఊరి పేరని రాసి ఉందట. మన నరసాపురం వైపేనా అని ఫోన్ చేసి అడిగాడు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: నిజమేనమ్మా. సఖినేటిపల్లి వెళ్లడానికి పంటు ఎక్కుతామే, ఆ మాధవాయిపాలెమే అది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వాళ్లు అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అనగానే యంత్రాలూ పొగగొట్టాలూ అనుకోకండి. కంపెనీ తరఫున బేరాలు చేసే ఉద్యోగిని ఫ్యాక్టర్ అనేవారు, ఆయన కూర్చుని చుట్టుపక్కల నేతగాళ్ల దగ్గర బట్ట కొనిపించి, మూటలు కట్టించి ఓడకెక్కించే చోటు కాబట్టి ఫ్యాక్టరీ. అలా వెళ్లిన బట్టకి ఊరి పేరే పెట్టేశారు. మాధవాయిపాలెం వాళ్ల నోట్లో పడి ఇంగ్లీషులో మడపొల్లం అయింది, ఫ్రెంచిలో మడపొలాం, మీ అబ్బాయి చూసిన స్పానిష్‌లో మడపొలాన్. ఎక్కడైనా అర్థం ఒకటే, తెల్లటి నూలు బట్ట. చూడగానే మడి, పొలం అని విడగొట్టాలనిపిస్తుంది గానీ అది తప్పు, 'మడ'లో ఉన్నది మాధవయ్య, 'పొలాన్'లో ఉన్నది మన పాలెం.

తర్వాత ఇంగ్లండ్ మిల్లుల్లో నేసిన తానుల్ని కూడా ఇదే పేరుతో అమ్మారు. నేసిన మగ్గాలు పోయి పేరు మాత్రం వాళ్ల తానులకి అంటుకుని మిగిలింది, ఈ మాట కథలో నన్ను బాధపెట్టేది అదే. ఈసారి అబ్బాయి వచ్చినప్పుడు ఒకసారి ఆ రేవుకి తీసుకెళ్లండి.

ప్రశ్న: పందికొక్కు అనే మాట ఇంగ్లీషు 'బాండికూట్'కి మన తర్జుమానా?
(ఒక విద్యార్థి, తణుకు)

జవాబు: కాదు బాబూ, జరిగింది దానికి తలకిందులు. పంది, కొక్కు, రెండూ మనవే. చేలగట్లు తొలిచి ధాన్యం దోచుకుపోయే ఆ పెద్ద ఎలుక పేరు ఇంగ్లీషువాళ్లు మన దగ్గరే నేర్చుకున్నారు. వాళ్లే ఆస్ట్రేలియా వెళ్లాక అక్కడ మూతి పొడుగ్గా ఉన్న, పిల్లల్ని సంచిలో పెట్టుకునే ఒక జంతువు కనిపిస్తే దానికీ ఈ పేరే తగిలించారు, ఎలుకతో దానికి ఏ చుట్టరికమూ లేకపోయినా. శాస్త్రజ్ఞులు మన పందికొక్కుల జాతికి పెట్టిన లాటిన్ పేరు కూడా బాండికోటానే.

ప్రశ్న: మా లంక పొగాకు పేరు ఇంగ్లీషు డిటెక్టివ్ కథలో ఉందని మా మాస్టారు చెప్పేవారు. ఊరికే అన్నారా?
(ఒక రైతు, అయోధ్యలంక)

జవాబు: మీ మాస్టారు చెప్పింది అక్షరాలా నిజమండీ. 1890లో వచ్చిన కోనన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్, హత్య చేసినవాడు 'ఇండియన్ లంకా' తాగుతాడని బూడిద చూసి తేల్చగలిగితే వెతకాల్సిన మనుషులు ఎంతమంది తగ్గిపోతారో చూడమంటాడు. గోదావరి మధ్య దిబ్బల మీద, వరద తీశాక మిగిలే ఒండ్రులో పండిన పొగాకుతో చుట్టిన ఘాటు చుట్టని దొరలు లంకా అని పిలిచేవారు. మీ నేల పేరే లండన్ దాకా వెళ్లింది. ఇక 'చెరూట్' అన్న ఇంగ్లీషు మాట తమిళం సురుట్టు నుంచి వచ్చింది, చుట్టినది అని దాని అర్థం. మనం చుట్ట అన్నదీ అందుకే కదా.

ప్రశ్న: కాలువ మీద షట్టర్లు తిప్పే ఆయన్ని లస్కరు అంటాం. అదేం మాట తాతా అని మా మనవరాలు అడిగితే చెప్పలేకపోయాను.
(ఒక పాఠకుడు, రామచంద్రపురం)

జవాబు: చాలా దూరం నుంచి వచ్చిన మాటండీ. పారసీలో లష్కర్ అంటే సైన్యం. పోర్చుగీసుల నోట, తర్వాత ఇంగ్లీషువాళ్ల నోట అది ఓడల్లో పనిచేసే మన దేశపు నావికుడి పేరైంది, ఫిరంగుల దగ్గర సాయం చేసేవాళ్లనీ డేరాలు వేసేవాళ్లనీ కూడా లస్కర్లే అన్నారు. చివరికి ఇరిగేషన్ వాళ్ల ఉద్యోగాల్లో చేరి మన కాలువ గట్టెక్కింది.

లాకు మాత్రం తిన్నగా ఇంగ్లీషుదే, పడవని ఎత్తుకీ పల్లానికీ చేర్చే తలుపుల కట్టడం. ఇప్పుడు పడవలు లేకపోయినా 'లాకుల దగ్గర దిగుతాను' అని బస్సులో చెబుతూనే ఉన్నాం. ఆనకట్ట దగ్గర దారి తిరగబడింది. తమిళం అణైక్కట్టునే ఇంగ్లీషువాళ్లు 'అనికట్' చేసుకున్నారు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం పని మొదలుపెట్టేనాటికే కావేరి వైపు ఆనకట్టలు కట్టి వచ్చినవాడు, ఆ మాట ఆయనకి కొత్త కాదు.

వంతుల రోజుల్లో రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగే మీ లస్కరు గారిని ఒకసారి పలకరించండి. వాళ్ల నాన్న, తాత కూడా అదే పని చేసి ఉంటే ఆ ఇంట్లో తూములకీ గండ్లకీ సంబంధించి మనం మరిచిపోయిన మాటలు ఇంకా వాడుకలో ఉండొచ్చు. దొరికినవి దొరికినట్టు నాకు రాసి పంపండి.