పాత ఫైలు కొత్తదాని మీద పడకుండా

ప్రశ్న: అన్నా, ఎమ్మెస్‌కి వచ్చి రెండు నెలలైంది. ఇంటి నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో సర్టిఫికెట్ల స్కాన్లు, లాప్‌టాప్‌లో ఇక్కడి కాగితాలు ఉన్నాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో అన్నీ ఒకేచోటికి కాపీ చేస్తే పాతవి కొత్తవాటి మీద పడిపోతాయా?

తమ్ముడూ, పేరు ఒకటే అయితే పడతాయి. అలా పోయిన ఫైలు రీసైకిల్ బిన్‌లో కూడా ఉండదు. ఆ దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

డాలస్ వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ కమాండ్ కొట్టేవాణ్ణి. అదే పేరుతో ఫైలు ఉంటే ఓవర్‌రైట్ చేయాలా అని అడిగేది. యెస్, నో, ఆల్‌లలో ఒకటి చెప్పాలి. ఎలాగూ అడుగుతుంది కదా అన్న ధీమాతో అవే లైన్లు ఒక బ్యాచ్ ఫైల్‌లో, అంటే కమాండ్లు వరసగా రాసి ఒకేసారి నడిపే ఫైల్‌లో పెట్టేశాను. బ్యాచ్ ఫైల్ లోపల కాపీ అడగదు, నేరుగా రాసేస్తుంది. ఆ సంగతి నాకు తెలియదు.

హైదరాబాద్‌లో పనిచేసిన కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ స్కాన్ లాప్‌టాప్‌లో ఉండేది. పెన్‌డ్రైవ్‌లో అదే పేరుతో సంతకం లేని డ్రాఫ్టు ఉంది. గ్రీన్ కార్డు పనికి లాయరు అడిగిన రోజు తెరిచి చూస్తే, సంతకం, స్టాంపు ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. అసలు కాగితం అపార్ట్‌మెంట్లు మారడంలో పోయింది. కంపెనీ అప్పటికే మూతపడింది. అప్పట్లో నాతో పనిచేసిన ఒకాయన్ని వెతికి పట్టుకుని, బతిమాలి అఫిడవిట్ రాయించుకున్నాను. ఆ నెలంతా టెన్షనే.

కాబట్టి బ్యాచ్ ఫైల్ రాస్తే కాపీ పక్కన స్లాష్, మైనస్, వై పెట్టు, అప్పుడు అడుగుతుంది. మైనస్ లేకుండా ఉత్త స్లాష్ వై పెట్టావంటే ఎక్కడైనా సరే అడగకుండా రాసేస్తుంది. ఇంకోటి, కాపీ లోపలి ఫోల్డర్లను తీసుకోదు.

నీ పనికి రోబోకాపీ అనే కమాండ్ నయం. విండోస్‌లోనే ఉంటుంది, వేరే ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఇది కూడా అడగదు, కానీ స్లాష్ ఎక్స్‌ఓ పెడితే, పాత తేదీ ఉన్న ఫైలు కొత్త తేదీ ఉన్నదాని మీద పడదు. లోపలి ఫోల్డర్లు కూడా రావాలంటే స్లాష్ ఇ. మొదటిసారి స్లాష్ ఎల్ కూడా చేర్చు. అప్పుడేమీ కాపీ కాదు, ఏవి కాపీ అవుతాయో జాబితా మాత్రం చూపిస్తుంది. అది ఒక్కో లైను చదువుకున్నాకే స్లాష్ ఎల్ తీసేసి మళ్లీ నడుపు. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే కోట్స్ మర్చిపోకు. స్లాష్ ఎంఐఆర్ జోలికి మాత్రం వెళ్లకు. పెన్‌డ్రైవ్‌లో లేనివన్నీ లాప్‌టాప్‌లో నువ్వు కాపీ చేసే ఫోల్డర్‌లోంచి చెరిపేస్తుంది.

ఎక్స్‌ఓ చూసేది ఫైలు మార్చిన తేదీని, కాగితం మీది తేదీని కాదు. పాత కాగితాన్ని ఇవాళ మళ్లీ స్కాన్ చేస్తే దానికి అదే కొత్తది. అందుకే రెండు కాగితాలకు ఒకే పేరు పెట్టకు. కొత్త ఐ-20 (స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే కాగితం) వచ్చినా పాతవన్నీ దాచుకోవాల్సిందే, తర్వాత వీసా పనుల్లో అడగవచ్చు. ఒక్కోదాన్ని దాని మీదున్న తేదీతోనే, ఐ20-2025-08-14 అన్నట్టు సేవ్ చెయ్యి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఉంటే ఈ వారమే స్కాన్ చేసి, ఇంట్లో నాన్నగారికి కూడా ఒక కాపీ మెయిల్ చెయ్యి.