సైన్స్ మ్యూజియంలో సగంలోనే గొడవ: సమాధానం

మీ ఆవిడతో సైన్స్ మ్యూజియంకి వెళ్తే సగంలోనే గొడవైందని రాశారు. మ్యూజియం పెద్దదని కాదు, రోజంతా ఇద్దరూ ఒకే వేగంతో నడవాలనుకోవడం వల్లే ఆ చిరాకు. మీరు ప్రతి బోర్డూ చదువుతానంటారు, మీ ఆవిడకేమో మీటలు నొక్కి చూడాలి. సగం కూడా చూడకుండా అలిగి బయటికొచ్చేశారంటే ఆశ్చర్యం లేదు.

1. లోపలికి వెళ్లగానే ప్లానెటేరియం షో టైమ్ ఖాయం చేసుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. గ్యాలరీలు అయ్యాక చూద్దాంలే అనుకుంటారు, అప్పటికి సీట్లు ఉండవు. లైట్లు ఆర్పాక చాలాచోట్ల లోపలికి రానివ్వరు కూడా. మిగతావన్నీ ఆ టైమ్‌ని బట్టి సర్దుకోండి.

2. చెరో రెండు గ్యాలరీలు ఎంచుకోండి. అవి కలిసి చూడండి. తర్వాత ఓ గంట ఎవరి దారి వారిది.

3. కలుసుకునే చోటు ముందే అనుకోండి. ఫూకో లోలకం (పొడవాటి తీగకు వేలాడుతూ ఊగే బరువైన గుండు) ఉంటే దాని దగ్గరే. చుట్టూ పుల్లలు నిలబెట్టి ఉంటే, విడిపోయేటప్పుడు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకోండి. లోలకం ఊగే దిశ మెల్లగా మారుతూ ఒక్కో పుల్లనీ పడగొడుతుంది కాబట్టి, తిరిగొచ్చేసరికి ఇంకొన్ని పడి ఉంటాయి. భూమి తిరుగుతోందని 1851లో ప్యారిస్‌లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో చూపించింది ఇలాంటి లోలకంతోనే. ధ్రువం దగ్గర ఆ ఊగే దిశ గంటకు 15 డిగ్రీలు పక్కకు జరుగుతుంది, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ తక్కువ. ఆవిడ కాస్త ఆలస్యంగా వచ్చినా మీకు బోర్ కొట్టదు.